పదహారో చోటు

మొన్న నిత్య ఫోన్ చేసింది. హౌగాంగ్‌లో మా కోలాటం గుంపును ఇప్పుడు నడుపుతున్నది ఆ అమ్మాయే. సింగపూర్‌లోనే పుట్టి పెరిగింది, ఈ ఊరి వాళ్లలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది, స్కూల్లో డాన్స్ టీచరు. నా పాత నోటు పుస్తకాలన్నీ తనకే ఇచ్చేశాను. వాటిని ఫోటోలు తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తోందట.

"ఆంటీ, ఒక పేజీలో మిస్టేక్ ఉంది లా. పైన సిక్స్టీన్ పీపుల్ అని రాశారు, కింద డాట్స్ ఫిఫ్టీనే ఉన్నాయి. ఒక దగ్గర ఊరికే జీరో పెట్టారు. ఒకర్ని మర్చిపోయారా?"

మర్చిపోలేదు. ఆ సున్నా పెట్టడానికి నాకు ఆరు ఆదివారాలు పట్టింది. ఫోన్లో చెబుదామంటే అది రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు. పైగా ఆ పిల్లకు ఒక చెవితో నా మాట వింటూనే ఇంకో మెసేజీ చదివే అలవాటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిత్యకే కాదు, ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు. నాకు ఏ సభలో ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. శాలువాలన్నీ బీరువాలోనే ఉన్నాయి, సింగపూర్ ఎండకు ఒక్కటీ పనికిరాలేదు.

ఈ పని ఏమిటంటే

కోలాటం చూడని తెలుగువాళ్లు తక్కువ. రెండు చేతుల్లో రెండు కోలలు, అంటే మూరెడు కూడా లేని కర్రలు. ఎదురుగా నిలబడి మన కర్రకు కర్ర ఇచ్చే మనిషిని ఉద్ది అంటారు. ఎవరు ఎప్పుడు కొట్టాలి, ఎటు తిరగాలి, ఏ అడుగు తరవాత ఎవరికి ఎవరు ఉద్ది అవుతారు అన్న అల్లికను కోపు అంటారు. ఉద్ది మారేదాకా ఆడే దెబ్బల కట్టు ఒక వరస. స్కూళ్లలో, కమ్యూనిటీ క్లబ్బుల్లో పాత కోపులు నేర్పడం నా ఉద్యోగం. కొత్త కోపులు కట్టడం మాత్రం నాకు నేను తగిలించుకున్న పిచ్చి.

నేను కట్టిన మొదటి కోపును పదహారు మంది ఆడిన రోజు బాగా గుర్తుంది. ఒకరినొకరు దాటుకుంటూ, ముక్కూ మొహం తెలియని చేతులకు కర్ర అందిస్తూ వలయమంతా తిరిగి, ఎనిమిది వరసలయ్యేసరికి ఎవరి చోటికి వాళ్లు వచ్చేశారు. ఎవరి ఎదురుగా మొదలుపెట్టారో మళ్లీ వాళ్ల ఎదురుగానే నిలబడ్డారు. కట్టింది నేనే, ఎలా వస్తారో కాగితం మీద నాకు తెలుసు. అయినా నోరు తెరుచుకుని చూస్తూ ఈల ఊదడం మర్చిపోయాను. వాళ్లు పాపం నా ఈల కోసం ఎదురుచూస్తూ ఇంకో వరస ఆడేశారు.

ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మనిషికి తన ముందున్న రెండు కర్రలు తప్ప ఏమీ కనపడదు, అయినా అందరూ కలిసి ఒక పెద్ద పువ్వు వేస్తారు. ఎన్నిసార్లు చూసినా నాకు వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. మీకు అలా కాకపోతే తప్పేమీ లేదు, కానీ ఇంతకంటే సుఖమైన ఉద్యోగాలు చాలా ఉన్నాయి, అవి చూసుకోండి.

క్యారమ్ బిళ్లలు

నా మొదటి పెద్ద తప్పు క్యారమ్ బోర్డు మీద జరిగింది. మా బిషాన్ ఫ్లాట్‌లో భోజనాల బల్ల మీద బోర్డు పెట్టుకుని, తెల్ల బిళ్లలు లోపలి వలయం, నల్ల బిళ్లలు బయటి వలయం అనుకుని కోపులు కట్టేదాన్ని. ఒకసారి తామరపువ్వు విచ్చుకున్నట్టు ఒక కోపు వచ్చింది. బిళ్లలను వేలితో జరుపుతుంటే నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఆయన అన్నానికి పిలిస్తే, బల్ల ఖాళీ లేదు, ఒళ్లో పెట్టుకుని తినమన్నాను.

ఆ ఆదివారం ఆడించి చూస్తే రెండో వరసకే గుంపులో ఆడే పద్మావతి గారి వేలు చితికింది. నాలుగో వరసకు ఇద్దరు ఢీకొన్నారు. వాళ్లకు సరిగా రావడం లేదని నేను గొంతు పెంచాను.

అప్పట్లో క్లబ్బు డాన్స్ విభాగాన్ని చూసేది రజియా మేడమ్. హైదరాబాద్ ఆవిడ, ఇక్కడి స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. కోలాటం ఆవిడ జన్మలో ఎప్పుడూ ఆడలేదు. అయినా నాకు గురువు ఎవరంటే ఆవిడ పేరే చెబుతాను. ఆ రోజు కుర్చీలోంచి లేచి నా నోటు పుస్తకం తీసుకుని బొమ్మ చూశారు.

"మస్తుగుంది సరోజా. పైకెల్లి చూస్తే మస్తుగుంది. కానీ పైకెల్లి చూసేటిది అల్లా ఒక్కడే గదమ్మా. ఈళ్లు భూమ్మీద ఉన్నరు."

తరవాత పద్మావతి గారి చేతిలోంచి కర్రలు తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు నిలబడు. నేను ఈల ఊదుత."

నిలబడ్డాను. నా తామరపువ్వు ఎక్కడుందో నాకే తెలియలేదు. ఎదురుగా రెండు కళ్లు, రెండు కర్రలు, అంతే. కుడిచెయ్యి పై నుంచి కిందికి వచ్చి ఆగిన చోటికీ, నేను దానికి చెప్పిన తరవాతి పనికీ పొంతన లేదు. చెయ్యి ఎడమ భుజం దగ్గరుంటే కుడి మోకాలి దగ్గర కొట్టమని రాశాను. బిళ్లకు భుజమూ మోకాలూ ఉండవు కదా.

అప్పటి నుంచి కోపు ఎలా కట్టానో చెబుతాను, పనికొస్తే తీసుకోండి. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే తరవాతి దెబ్బ మొదలవ్వాలి. ఒళ్లు ఎటు ఊగుతోందో అటే తిప్పాలి. ఆడేవాడు మర్చిపోయినా, ఎదుటివాడి కర్ర వచ్చి గుర్తు చెయ్యాలి. ముందు నేను ఇంట్లో గోడ ముందు నిలబడి నలుగురి పాత్రా ఒక్కొక్కటే ఆడేదాన్ని. పక్క ఫ్లాట్ వాళ్లు ఏమనుకున్నారో ఇప్పటికీ తెలియదు. ఆ తామరపువ్వును ఏడుసార్లు మార్చాను, చివరికి అందులో పువ్వు మిగల్లేదు గానీ ఎవరి వేలూ చితకలేదు.

తంజోంగ్ పగార్‌లో ఒక సాయంత్రం

రజియా మేడమ్ ఒకసారి నన్ను తంజోంగ్ పగార్ దగ్గర ఒక హాలుకు తీసుకెళ్లారు. ఇక్కడ ఉద్యోగాలు చేసే తెల్లవాళ్లు కొందరు అక్కడ కాంట్రా డాన్స్ ఆడుతున్నారు. ఆడవాళ్లూ మగవాళ్లూ రెండు పొడవాటి బారుల్లో ఎదురెదురుగా నిలబడతారు. తెల్లజుట్టు ఆవిడ ఒకరు మైకులో తరవాత ఏం చెయ్యాలో పాటకు ముందుగా చెబుతూ ఉంటారు. ప్రతి జంటా పక్క జంటతో ఒక వరస ఆడి, ఒక చోటు ముందుకు జరిగి, ఇంకో కొత్త జంటను కలుసుకుంటుంది. కర్రలు లేవన్న మాటే గానీ నాకు మా వాళ్లను చూసినట్టే ఉంది.

నా కన్ను మాత్రం బారు చివర పడింది. చివరికి చేరిన జంటకు ఆడటానికి ఎదురుగా ఎవరూ మిగలరు. వాళ్లు అక్కడే ఇటు తిరిగి నిలబడతారు. ఒక వరస గడిచాక మళ్లీ ఆటలో కలిసిపోతారు. విరామంలో ఆ తెల్లజుట్టు ఆవిడను, వాళ్లు ఆటలోంచి అవుటయినట్టా అని నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

ఆవిడ నవ్వి, అవుట్ కాదు, వాళ్ల వంతు వస్తోంది, అందుకని చూస్తున్నారు అని చెప్పారు. అలా ఆగే వరసను కూడా లెక్కలో పెట్టుకునే ఆట కడతారట.

ఇంటికి వస్తూ రైల్లో రజియా మేడమ్ నిద్రపోయారు. నేను మాత్రం కిటికీలో నా ముఖం చూసుకుంటూ కూర్చున్నాను. ఆటలో లేని మనిషిని లెక్కలో పెట్టుకోవడం అన్నది నాకు అంతకు ముందు ఎప్పుడూ తట్టలేదు. అది తట్టడం ఒకటీ, పనికి రావడం ఒకటీ. ఆ మాట పనికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

కొమురయ్య

మా గుంపులో సగం మంది ఫ్లాట్లలో ఉండే ఉద్యోగస్తులు. మిగతా సగం షిప్‌యార్డుల్లోనూ కట్టడాల్లోనూ వర్క్ పర్మిట్ మీద పనిచేసే మగవాళ్లు. వాళ్లకు దొరికేది ఆదివారం ఒక్కటే, అది కూడా డ్యూటీ పడకపోతే. వాళ్లుండే డార్మిటరీ నుంచి హౌగాంగ్ రావడానికి బస్సూ రైలూ కలిపి బోలెడు సేపు పడుతుంది.

కొమురయ్య సిద్దిపేట వైపు నుంచి వచ్చాడు. ఓడల చుట్టూ ఎక్కి పనిచేసుకోవడానికి గొట్టాలతో మంచెలు కడతాడు. వాళ్ల నాయన ఊళ్లో కోలాటం పంతులు. నాకు తెలియని పాత కోపులు ఇతనికి నోటికి వచ్చు. ఇంత తెలిసిన మనిషి పదకొండేళ్లలో మా దగ్గర ఒక్క ఆట కూడా పూర్తిగా ఆడలేదు. మూడింటికి సాధన అంటే నాలుగున్నరకు వచ్చేవాడు. నుదుటి మీద హెల్మెట్ పట్టీ గీత ఇంకా అలాగే ఉండేది. కర్రలు నడుముకు దోపుకుని, మేం సాధన చేసే బ్లాక్ కింద వాయిడ్ డెక్‌లో, అంటే ఇళ్లు లేకుండా ఖాళీగా వదిలిన కింది అంతస్తులో, ఒక స్తంభానికి ఆనుకుని చూసేవాడు.

ఇక్కడ నా గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. మూడు దాటాక వచ్చినవాళ్లను నేను ఆటలోకి రానిచ్చేదాన్ని కాదు. సరిసంఖ్య కుదరకపోతే ఆలస్యమయ్యేవాళ్లనే పక్కన కూర్చోబెట్టేదాన్ని. క్రమశిక్షణ అని దానికి మంచి పేరు పెట్టుకున్నాను. ఖరీదైన కండోల నుంచి కారులో వచ్చేవాళ్లకు క్రమశిక్షణ చాలా సులువు అన్న సంగతి నాకు తోచలేదు.

ఒక ఏడాది మా వార్షికోత్సవానికి ఆరు వారాల ముందు కొమురయ్య నా దగ్గరకు వచ్చాడు.

"అక్కా, నా పర్మిట్ అయిపోతున్నది. పండుగ ఆదివారమైతే, మంగళవారం ఇంటికి పోవుడే. మళ్ల రాను."

"అయితే ఆ రోజు తప్పకుండా ఆడాలి."

"అదే చెప్ప వచ్చిన. పదకొండేండ్లాయె, ఒక్కసారన్న గుంపుల నిలబడి ఆట మొత్తం ఆడి పోదామనుకున్న. గా ఆదివారమే షిప్పు పోవాలె అంటున్నరు. డ్యూటీ పడ్తది. ఎప్పుడు ఇడుస్తరో తెల్వదు. నా పేరు తీసెయ్ అక్కా. ఆట ఖరాబు కావద్దు."

నేను సరేనన్నాను. అన్నాక ఇంత బాధపడతానని అనుకోలేదు. అతని బదులు బిషాన్ నుంచి ఒకాయనను పిలుద్దామని పేరు కూడా రాసుకున్నాను. రజియా మేడమ్‌కు అప్పటికే నడక కష్టమై కర్ర పట్టుకుని వచ్చేవారు. సంగతి విని నా నోటు పుస్తకం మీద ఆ కర్రతో కొట్టారు.

"పదహారు మందికే కడ్తనని ఎవరికన్న మొక్కుకున్నవా?"

"జోడీ ఆట కదా మేడమ్. పదిహేను మందితో ఎలా?"

"అంగీ సరిపోకుంటే దర్జీ అంగీని కోస్తడా, మనిషిని కోస్తడా?"

రాసుకున్న పేరు కొట్టేశాను.

ఖాళీ నిలవదు

ఇప్పుడు కట్టాల్సిన కోపు ఇది. పదిహేను మందితో మొదలవ్వాలి. పదహారో మనిషి ఎప్పుడు వచ్చినా, ఆట ఆగకుండా లోపలికి రాగలగాలి. రాకపోతే రానట్టు తెలియకూడదు.

కాగితం మీద పది నిమిషాల్లో వచ్చేసింది. లోపలి వలయంలో ఎనిమిది మంది తమ చోట్లలోనే ఉంటారు. బయటి వలయంలో ఏడుగురు, ఒక ఖాళీ చోటు. ప్రతి వరసకూ బయటివాళ్లు ఒక్కో చోటు కుడికి జరుగుతారు. ఖాళీ కూడా వాళ్లతో పాటే జరుగుతుంది. ఎనిమిది వరసల్లో లోపలివాళ్లు ఒక్కొక్కరూ ఒక్కసారి ఆ ఖాళీకి ఎదురుపడతారు, ఎవరూ ఒక వరస కంటే ఎక్కువ ఒంటరిగా ఉండరు. తంజోంగ్ పగార్‌లో బారు చివర నిలబడ్డ జంటను తెచ్చి వలయంలో పెట్టాను, అంతే.

మొదటి ఆదివారం ఆడించాను. మూడో వరసకు ఖాళీ సగమైంది, ఐదో వరసకు అసలు లేదు. అటూ ఇటూ ఉన్నవాళ్లు తెలియకుండానే సర్దుకున్నారు. జరగొద్దని అరిచాను, వాళ్లు జరగలేదనే అన్నారు. వాళ్ల తప్పు లేదు. రైల్లో పక్కవాడు లేస్తే మనం కాస్త విశాలంగా కూర్చుంటాం, కూర్చున్నట్టు మనకే తెలియదు. మనిషి లేని చోటు దానంతట అది నిలవదని అప్పుడు తెలిసింది.

రెండో ఆదివారం పద్మావతి గారు ఒక ఉపాయం చేశారు. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేస్తాం, అంటే మాదని పట్టి పెట్టుకుంటాం కదా, అలాగే ఖాళీలో ఒక ప్యాకెట్ పెట్టారు. "ఇది కొమురయ్యదండీ, ఎవరూ తొక్కకండి" అన్నారు. అందరికీ అది ఎంత సహజంగా తోచిందంటే, నాతో సహా ఒక్కరూ ఆలోచించలేదు. వరస మారగానే ఖాళీ జరిగిపోయింది, ప్యాకెట్ అక్కడే ఉంది. దాని మీదికి వచ్చినాయన తొక్కకూడదని పక్కకు దూకి స్తంభానికి గుద్దుకున్నాడు. చోప్ చేసిన చోటు నడిచిపోవడం సింగపూర్‌లో అదే మొదటిసారి అయ్యుంటుంది.

మూడో ఆదివారం, ఖాళీకి ఎదురైనవాళ్లను తమ రెండు కర్రలూ తామే కొట్టుకోమన్నాను. చప్పుడైతే వచ్చింది. కానీ చేతులు గుండెల దగ్గరకు ముడుచుకున్నాయి, తల వంగింది. పెళ్లిలో ఎవరూ పలకరించని చుట్టంలా ఉన్నారు. ఖాళీ మళ్లీ మూసుకుపోయింది.

నాలుగో ఆదివారం కొమురయ్య వచ్చాడు, ఎప్పటిలాగే ఆలస్యంగా. స్తంభం దగ్గర నిలబడి తను లేని చోటు చిక్కిపోవడం చూశాడు. చూసి పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంటయ్యా నవ్వు? నీ కోసమే కదా ఈ తంటాలు."

అతను నవ్వు ఆపాడు. అప్పటివరకూ ఆ కోపు ఎందుకు కడుతున్నానో అతనికి ఎవరూ చెప్పలేదని అప్పుడే గ్రహించాను. కర్రలు నడుము నుంచి తీశాడు.

"అక్కా, మా దగ్గర ఒకడు దమ్ము తీస్కోను పక్కకు పోతే, ఎదురుగున్నోడు ఊకె ఉండడు. వాని చోట్ల నేలకు కొడతడు. వాడు ఉన్నట్టే లెక్క. వాడొచ్చి గా కర్ర కింద తన కర్ర పెడతడు, కలుస్తడు."

చేసి చూపించాడు. ఒక అడుగు ముందుకు వేసి, నడుము వంచి, ఖాళీ చోటు మధ్యలో నేల మీద కుడి కర్రతో కొట్టాడు. టక్కుమంది. కర్రా కర్రా తగిలితే వచ్చే చప్పుడు కాదది. కాస్త బరువుగా ఉంది.

అంతే. ఖాళీ నిలబడింది. కర్ర వచ్చి నేల మీద పడే చోట ఎవరు మాత్రం కాలు పెడతారు? ఎనిమిది వరసలూ తిరిగినా ఖాళీ మనిషంత వెడల్పుగానే ఉంది. నా నోటు పుస్తకంలో మూడు వారాల నుంచి పేజీలు కొట్టేస్తున్నాను, వాళ్ల ఊళ్లో ఇది ఆటగాళ్లందరికీ తెలిసిన మాట. స్తంభం దగ్గర పదకొండేళ్లు నిలబెట్టిన మనిషిని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

తరవాతి రెండు వారాలు సానబట్టడమే పని. పద్మావతి గారు, "నా మోకాళ్లు ఇక్కడే వదిలేసి పొమ్మంటారాండీ?" అన్నారు. వంగలేనివాళ్లందరినీ బయటి వలయంలోకి మార్చాను. ఆవిడ మాత్రం కాసేపు ఆలోచించి లోపలే ఉంటానన్నారు. నేల దెబ్బకు ముందు ఒక చిన్న ఊపు పెట్టాను, లోపలికి వచ్చేవాడికి అడుగు వేసే వ్యవధి ఉండాలని.

చివరి సాధన రోజు ఒక సంగతి జరిగింది. ఆ బ్లాక్‌లో ఉండే చైనీస్ ముసలాయన ఒకరు రోజూ అక్కడి రాతిబల్ల దగ్గర కూర్చుంటారు. మా చప్పుడు ఆయనకు కిట్టదు, ఎన్నోసార్లు విసుక్కున్నారు. ఆ రోజు చూస్తే ఆయన వేలు చాపి గాలిలో మెల్లగా తిప్పుతున్నారు. ఏమిటా అని చూశాను. ఆయన వేలు ఖాళీ చోటును చూపిస్తూ దానితో పాటు జరుగుతోంది. పదిహేను మంది ఆడుతుంటే ఆయన ఆ ఆడని ఒక్కడినే చూస్తున్నారు. నాకు కళ్లు చెమర్చాయి. లేని మనిషి అంత స్పష్టంగా కనిపించేలా నేను కట్టానా అని అనిపించింది. కట్టింది నేనొక్కదాన్నే కాదు లెండి.

ఆ ఆదివారం

హాల్లో స్టేజీ మీద కార్పెట్ పరిచి ఉంది. కార్పెట్ మీద నేల దెబ్బ వినపడదు. స్టేజీ వద్దు, కుర్చీలు వెనక్కి జరిపి కింద గచ్చు మీద ఆడతామన్నాను. నిర్వాహకులు ముఖం చిట్లించారు. రజియా మేడమ్ ముందు వరసలో కూర్చుని, "జరపండి బాబూ, నేను కూడా లేస్త" అని లేవబోయారు. ఆవిడ లేవకముందే కుర్చీలు జరిగాయి.

కొమురయ్య రాలేదు. మధ్యాహ్నం ఒక మెసేజీ పెట్టాడు. ఇంకా పైనే ఉన్న, దిగలే అని.

వలయం మధ్యలో తాళాలతో నేను నిలబడ్డాను. గుమ్మం వైపు చూస్తే పాట తప్పుతానని గుమ్మానికి వీపు పెట్టాను. ఆట మొదలైంది. మొదటి నేల దెబ్బ నా ఎడమ పక్కన పడింది. తరవాతిది ఇంకాస్త వెనగ్గా, మూడోది సరిగ్గా నా వెనక. చూడకుండానే ఆ ఖాళీ ఎక్కడుందో చెవికి తెలుస్తోంది. పదిహేను మంది కర్రల మోత మధ్య ఆ ఒక్క బరువైన చప్పుడు నా చుట్టూ నడుస్తోంది, ఎవరో చెప్పులు లేకుండా తిరుగుతున్నట్టు. ఆరో వరస, ఏడో వరస. ఎనిమిదో వరస కూడా అయింది.

ఎనిమిదికి ఈల ఊదాలి. కోపు అక్కడితో పూర్తి. లెక్క దాటి ఒక్క దెబ్బ ఆడినా సాధనలో చెడామడా తిట్టే మనిషిని నేను. ఈల పెదాల దాకా తెచ్చాను, ఊదలేదు. పాట మళ్లీ ఎత్తుకున్నాను. వాళ్లు ఒక్కసారి నా వైపు చూశారు, అంతే, ఎవరూ తడబడకుండా మళ్లీ మొదటి వరసలోకి వెళ్లారు. తొమ్మిది. పది. నిర్వాహకుడు గడియారం చూపిస్తున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

పదకొండో వరస. ఖాళీ నా వెనక, గుమ్మం వైపు ఉండాలి. నేల దెబ్బకు ముందు పెట్టిన ఆ చిన్న ఊపు అయింది. టక్కుమనే చప్పుడు కోసం చెవులు రిక్కించాను.

రాలేదు. పదహారు జతల కర్రలు ఒక్కసారి మోగాయి.

నేను తిరిగి చూడలేదు. చూడాల్సిన పని లేదు. ఒక వరస తరవాత ఒక వరసగా అతనే నా పక్క నుంచి ముందుకు వచ్చాడు. నీలం పని దుస్తుల్లో, నుదుటి మీద హెల్మెట్ గీతతో, బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి మేజోళ్లతో ఆడుతున్నాడు. నన్ను చూసి నవ్వలేదు, కోపులో ఉన్నవాడికి ఎదుటి కర్ర తప్ప ఏదీ కనపడదు. పదకొండో వరసలో దూరిన మనిషి వలయమంతా తిరిగి, ఎక్కడ దూరాడో మళ్లీ అక్కడికి చేరేదాకా పాట పాడుతూనే ఉన్నాను. అప్పుడు ఈల ఊదాను.

ఆట అయ్యాక పద్మావతి గారు మోకాలు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. అతను వచ్చి నిలబడింది ఆవిడ ఎదురుగానే. "నేల మీద కొట్టడానికి వంగానండీ. సగంలోనే కర్ర తగిలింది" అన్నారు. ఆ తరవాత తన కర్రను తిప్పి తిప్పి చూసుకున్నారు.

కొమురయ్య బూట్లు తొడుక్కుంటున్నాడు. సామాను సర్దుకోవాలి, వెళ్లాలన్నాడు. మకాన్ చేసి, అంటే భోంచేసి, వెళ్లమన్నా ఆగలేదు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, రెండు కర్రలూ కలిపి నాకు దండం పెట్టాడు.

"మొత్తం తిరిగిన అక్కా" అన్నాడు.